చివరి పెట్టె వచ్చిందా?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ నేను మీతో రైలు సిగ్నళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను. "ఆడవాళ్ళ కార్యక్రమంలో రైలు సిగ్నళ్ళేమిటమ్మా, ఏ గోంగూర పచ్చడి సంగతో, పిల్లల జలుబు సంగతో చెప్పక!" అని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోండి, ఫరవాలేదు. పొయ్యి మీద పప్పు వుడికేలోపల నా మాట అయిపోతుంది.

మాది పల్నాడు. పుట్టింది గురజాల దగ్గర, మెట్టింది నరసరావుపేట. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల వెళ్ళే రైలుమార్గం 1990లలో పెద్ద లైనుగా మారేదాకా మీటరు గేజి లైను. అంటే రెండు పట్టాల మధ్య ఒక్క మీటరే దూరం. మీలో నలభై దాటినవాళ్ళకు ఆ చిన్న బండి గుర్తుండే వుంటుంది. స్టేషనుకు కాస్త ఇవతల పొడుగాటి స్తంభం, దాని చివర చెయ్యి చాపినట్టు ఎర్ర రెక్క వుండేవి. ఆ రెక్క అడ్డంగా వుంటే బండి ఆగాలి, కిందికి వాలితే బండి రావచ్చు. చీకటి పడితే ఆ స్తంభం ఎక్కి కిరసనాయిలు దీపం పెట్టేవారు. ఎర్ర అద్దం, ఆకుపచ్చ అద్దం ఆ దీపం ముందుకు వచ్చేవి. ఇప్పుడా రెక్కలు లేవు, రంగు దీపాలు వచ్చాయి. మా పిల్లలకు ఆ రెక్క ఎలా వుంటుందో బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

మా మామయ్యగారు ఆ రోజుల్లో చిన్న చిన్న స్టేషన్లలో స్టేషను మాస్టరుగా పనిచేశారు. మా అత్తయ్య బడికి వెళ్ళిన మనిషి కాదు. కాని క్వార్టర్సులో కూర్చుని స్టేషనులో మోగే గంటలను బట్టి ఏ వైపు నుంచి ఏ బండి వస్తున్నదో చెప్పేసేది. ఒక వైపు గంట మోత ఒక తీరు, రెండో వైపుది ఇంకో తీరు. ఫలానా గంట వింటే ఎసరు పెట్టేది, ఇంకో గంట వింటే అన్నం వార్చేది. మామయ్యగారు బండిని పంపించి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి అన్నం పొగలు కక్కుతూ వుండేదిట. రాత్రిపూట పిల్లలందరూ ఇల్లు చేరారా లేదా అని అడగటానికి కూడా ఆవిడది రైలు భాషే. "అమ్మాయ్, చివరి పెట్టె వచ్చిందా?" అనేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఏ పెట్టె గురించి అడుగుతున్నదో తెలియక ఇల్లంతా వెతికాను.

ఆ గంటల సంగతి కొంచెం చెబుతాను. రెండు స్టేషన్ల మధ్య ఒక్కటే లైను వుందనుకోండి. ఎదురెదురుగా రెండు బళ్ళు దానిమీదికి వస్తే ఇంకేమైనా వుందా? అందుకని ప్రతి స్టేషనులోనూ ఒక ఇనప యంత్రం, దాంట్లో గుండ్రటి లోహపు బంతులు. మన దేశంలో ఒంటి లైన్ల మీద విరివిగా వాడిన పద్ధతి యిది. ఈ స్టేషను మాస్టరు గంట కొట్టి "బండిని పంపనా?" అని అవతలి స్టేషనును అడగాలి. అవతలాయన తన వైపు అంతా ఖాళీగా వుందని చూసుకుని ఒప్పుకుంటేనే ఇక్కడ బంతి బయటికి వస్తుంది. ఒక బంతి బయట వుండగా రెండు యంత్రాల్లో దేన్నుంచీ మరొకటి రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, బెత్తపు వలయానికి తగిలించి, డ్రైవరుకు అందిస్తారు. అది చేతిలో పడకుండా డ్రైవరు ముందుకు పోకూడదు. అంటే ఏ ఒక్క మనిషీ తన ఇష్టప్రకారం బండిని పంపలేడన్నమాట. ఇద్దరు ఒప్పుకోవాలి. ఆ ఇద్దరూ నిజం చెప్పాలి.

ఈ సంగతులన్నీ నేను ఎప్పుడో విని మరిచిపోయాను. మళ్ళీ గుర్తుకు వచ్చింది ఎక్కడంటే, ఇంగ్లండులో.

మా అమ్మాయి పురిటికని వెళ్ళాను. పసిదానికి మూడో నెల వచ్చాక, ఓ ఆదివారం మా అల్లుడుగారు "అత్తయ్యగారూ, మీకు పొగబండి చూపిస్తాను" అని తీసుకెళ్ళారు. ఎప్పుడో మూసేసిన చిన్న రైలుమార్గం, బొగ్గు ఇంజను, చెక్క పెట్టెలు. టిక్కెట్టు ఇచ్చేవారు, పెట్టెలు తుడిచేవారు, జెండా వూపేవారు, అందరూ మామూలు జనమే. వారం రోజులూ వాళ్ళ వాళ్ళ పనులు చేసుకుని, సెలవు రోజున వచ్చి రైలు నడుపుతున్నారు. ఆ దేశంలో ఇలాంటివి వందకు పైగా వున్నాయి. మొట్టమొదటిది వేల్సులోని టాలిథ్లిన్ రైలు. అది మూతపడబోతుంటే అభిమానులు సంఘంగా చేరి 1951 నుంచి నడిపించారు.

వీటిలో బ్లూబెల్ రైలు అని ఒకటుంది. ససెక్సు ప్రాంతంలోది. దాని కథ విన్నాక నాకు ముచ్చటేసింది. నష్టం వస్తున్నదని 1955లో ఆ లైనును మూసేశారు. ఆ పక్క పల్లెలో మాడ్జ్ బెస్సెమర్ అనే ఆవిడ వుండేది. ఆవిడ వూరికే బాధపడి వూరుకోలేదు. ఆ లైను వేసినప్పటి 1878 నాటి చట్టం తీసి చదివింది. రోజుకు నాలుగు బళ్ళు నడపాలని దాంట్లో రాసి వుంది. ఇంకేం? పార్లమెంటు చేసిన చట్టాన్ని పార్లమెంటే మార్చాలి కాని, రైల్వేవారు తోసిపుచ్చటానికి వీల్లేదని పట్టుబట్టింది. 1956 ఆగస్టులో వాళ్ళు మళ్ళీ బళ్ళు నడపాల్సి వచ్చింది. చివరకు చట్టం మార్పించి 1958లో మూసేశారనుకోండి. కాని ఆ గొడవ మూలంగా ఆ లైను పేరు పదిమంది నోళ్ళలో పడింది. 1959లో సంఘం పెట్టారు, 1960 ఆగస్టు 7న వాళ్ళే బండి నడిపారు. మొదట అయిదు మైళ్ళు, 2013 నాటికి పదకొండు మైళ్ళు అయింది. ఒక ఆడమనిషి పాత కాగితం ఓపిగ్గా చదవటం ఎంత దూరం తీసుకెళ్ళిందో చూడండి.

సరే, మేము వెళ్ళిన చోట సిగ్నలు కేబిను చూడటానికి నలుగురైదుగుర్ని చొప్పున పైకి పంపుతున్నారు. మెట్లెక్కి చూద్దును కదా, లోపల వున్నది ఒక ఆడమనిషి! అరవై ఏళ్ళుంటాయి. నెరిసిన జుట్టు, నీలం కోటు. ఇద్దరు మనవల అమ్మమ్మట. ఎదురుగా నిలువెత్తు ఇనప మీటలు వరసగా వున్నాయి. ఎర్ర రంగువి ఆగే సిగ్నళ్ళవి, పసుపువి ముందుగా హెచ్చరించే సిగ్నళ్ళవి, నల్లవి పట్టాలు మళ్ళించే పాయింట్లవి, నీలంవి ఆ పాయింట్లకు తాళం వేసేవి. ఆవిడ భుజం మీదున్న గుడ్డ తీసి, ఆ గుడ్డతో మీట పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగింది. గుడ్డ ఎందుకంటే, చేతి చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుందిట. మనం వేడి గిన్నెను మసిగుడ్డతో దించుతాము చూడండి, అచ్చం ఆ తీరే.

ఆ మీటల్లో ఒక కిటుకు వుంది. పాయింట్లు సరిగా మళ్ళించకుండా సిగ్నలు మీట లాగుదామంటే అది కదలదు. కింద ఒకదానికొకటి ఇనప గడియలు పడి వుంటాయి. మనిషి పొరబాటు పడతాడని ముందే అనుకుని చేసిన ఏర్పాటు. ఈ జాగ్రత్తలేవీ వూరికే రాలేదు. 1889లో ఐర్లండులో ఆర్మా అనే వూరి దగ్గర, బడి పిల్లలు విహారానికి వెళ్తున్న బండి ఎత్తు ఎక్కలేకపోయింది. వెనక పెట్టెల్ని విడదీస్తే అవి వెనక్కి జారి, వస్తున్న ఇంకో బండికి కొట్టుకున్నాయి. ఎనభై మంది దాకా పోయారు, వాళ్ళలో చాలామంది పిల్లలు. ముందు బండి గమ్యం చేరిందో లేదో చూడకుండా, ఇన్ని నిమిషాలు గడిచాయి కదా అని వెనక బండిని పంపే అలవాటు అప్పుడు వుండేది. ఆ యేడే చట్టం చేశారు, ముందు బండి ఆ భాగం దాటిందని తెలిస్తేనే వెనక బండి కదలాలని.

దాటిందని తెలిసేది ఎలాగ? ఆవిడ కిటికీలోంచి చూపించింది. బండి పోతున్నది, చిట్టచివరి పెట్టె వెనక ఎర్ర దీపం. ఆ దీపం కళ్ళారా చూశాకే, బండి మొత్తం వచ్చిందని, దారిలో పెట్టె ఏదీ తెగి వుండిపోలేదని లెక్క. ఆ తరువాతనే వెనక స్టేషనుకు గంట కొట్టి చెప్పి, పుస్తకంలో టైము రాసింది. అది చూడగానే నాకు మా అత్తయ్య మాట చప్పున గుర్తొచ్చింది. చివరి పెట్టె వచ్చిందా! ఇన్నాళ్ళూ అది ఆవిడ ముద్దు మాట అనుకున్నాను. ఆ మాటలో ఇంత వుందని ఏడు సముద్రాలు దాటి వెళ్ళాక తెలిసింది.

మన బుద్ధి ఎక్కడికి పోతుంది? మా అమ్మాయి చేత అడిగించాను, "జీతమెంత ఇస్తారు?" అని. ఆవిడ నవ్వి, "జీతం లేదు. కారు పెట్రోలు కూడా నాదే" అన్నది. యాభై రెండో యేట నేర్చుకోవటం మొదలుపెట్టిందిట. కంటి చూపు పరీక్ష చేశారు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తున్నదా అని. నిబంధనల పుస్తకం బట్టీ పట్టింది. నెలల తరబడి ఇంకొకరి పక్కన నిలబడి పనిచేసింది. మొదటిసారి పరీక్ష తప్పి, మళ్ళీ కూర్చుని ప్యాసయింది. ఆ ఒక్క కేబినుకే ప్యాసు, ఇంకో కేబినుకు వెళ్ళాలంటే మళ్ళీ నేర్చుకోవాలి. "జీతం లేని పనికి ఇంత హడావుడా?" అన్నాను. ఆవిడ ఒక్క మాటన్నది. "బండిలో కూర్చున్నవాళ్ళకు నా జీతంతో పనేముంది?"

అక్కచెల్లెళ్ళూ, ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకో చెబుతాను, సిగ్గు విడిచి.

మా వీధిలో కళ్ళు లేని ఆడపిల్ల ఒకతె వుంది. పదో తరగతి చదివేటప్పుడు, పాఠాలు పైకి చదివి వినిపించటానికి ఎవరైనా కావాలంటే నేను ఒప్పుకున్నాను. నేను చదివిందీ ఆ పదో తరగతే, కాని గట్టిగా చదవటం వచ్చు, రేడియోలో మాట్లాడిన గొంతు కదా. శనివారం మధ్యాహ్నం మూడింటికి అని చెప్పాను. నాలుగు వారాలు బాగానే వెళ్ళాను. అయిదోవారం చుట్టాలు వచ్చారు. ఆరోవారం పెళ్ళి. కబురైనా పంపలేదు. "డబ్బు తీసుకుని చేస్తున్నానా యేమిటి, వచ్చేవారం చూద్దాంలే" అనుకున్నాను. ఆ రెండు శనివారాలూ ఆ పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వీధి అరుగు మీద దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుందని వాళ్ళ అమ్మ తరువాత చెప్పింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మొహం చెల్లక వెళ్ళటమే మానేశాను.

ఇంగ్లండు నుంచి వచ్చాక మామయ్యగారికి ఆ కేబిను సంగతి చెప్పాను. ఆయనకు ఎనభై దాటాయి, మా అత్తయ్య పోయి కొన్నేళ్ళయింది. అంతా విని, కాసేపు వూరుకుని, నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పారు.

1970లలో, మన వైపే ఒక చిన్న స్టేషను. వానాకాలం రాత్రి. ఆయనకు జ్వరం, డ్యూటీ మార్చుకోవలసిన మనిషి రాలేదు. రిజిస్టరు మీద తల పెట్టి నిద్రపోయారు. అవతలి స్టేషను నుంచి గంట మోగింది, జవాబు లేదు. మళ్ళీ మోగింది, జవాబు లేదు. క్వార్టర్సులో పళ్ళు వచ్చే పసివాణ్ణి సముదాయిస్తూ మేలుకుని వున్న మా అత్తయ్య ఆ గంట వింది. ఆ పసివాడు మా వారేనండీ. వాణ్ణి చంకనేసుకుని, లాంతరు పట్టుకుని, వానలో పరుగెత్తింది. "లే అయ్యా, లే! అవతల గంట కొడతన్నారు!" అని కుదిపి లేపింది.

ఆయన ఉలిక్కిపడి లేచారు. యంత్రం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశారు. "ఇయ్యరాదా, పాపం ఎంతసేపటి నించో అడగతన్నారు" అన్నదిట మా అత్తయ్య. "వుండు. నేను కళ్ళు మూసుకున్నాక లైను మీద ఏం జరిగిందో నాకు తెలుసా?" అని, పాయింట్సుమనును లేపి ఒక వైపు పంపి, ఒళ్ళు కాలిపోతున్నా తాను రెండోవైపు లాంతరు పట్టుకుని నడిచారు. పాయింట్లు చూసుకున్నారు, పట్టాలు చూసుకున్నారు.

"ఏమైనా వుందా మామయ్యా?" అని అడిగాను ఆత్రంగా.

"ఏమీ లేదమ్మా. కాని ఏమీ లేదని చూసి చెప్పటం వేరు, ఏమీ వుండదులే అని చెప్పటం వేరు" అన్నారు.

తిరిగివచ్చి లైను ఇచ్చారు. బండి ఆలస్యం. రిజిస్టరులో ఉన్నదున్నట్టు, నిద్ర పట్టిందనే రాశారు. ఇంకేదో కారణం రాసివుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఏడాది ఇంక్రిమెంటు ఆగిపోయింది. నలుగురు పిల్లల సంసారంలో అది చిన్న సంగతి కాదు. మా అత్తయ్య ఆ యేడు దసరాకు చీర కొనుక్కోలేదుట, ఆయన్ని ఒక్కమాట దెప్పనూ లేదుట.

"మరి అత్తయ్య లేపిన సంగతి రాశారా?" అన్నాను.

మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రిజిస్టరులో మీ అత్తయ్య పేరు రాయటానికి గడి లేదమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడకు జీతం లేదు, బిళ్ళ లేదు, పరీక్ష లేదు. ఎవరూ చెయ్యమనలేదు. అయినా ఆ గంట తనదే అనుకుని వింది. మన ఇళ్ళల్లో మనం చేసేదంతా ఇలాంటిదే కదా. రాయటానికి గడి లేని పని. లోకం దానికి విలువ కట్టలేదని మనం బాధపడటం న్యాయమే. కాని మనమే "ఉచితంగా చేసే పనేగా" అని తేలిక చేస్తే ఇంకెవరు విలువ కడతారు?

మన దేశంలో సిగ్నలు కేబినులో మామూలు మనుషుల్ని పనిచెయ్యనివ్వరు. డార్జిలింగులో, నీలగిరిలో ఇప్పటికీ నడిచే పొగబళ్ళను నడిపేదీ రైల్వే సిబ్బందే. ఆడవాళ్ళు అక్కడా వెనకబడి లేరు. 2017లో బొంబాయి మాటుంగా స్టేషనును పూర్తిగా ఆడవాళ్ళకే అప్పగించారు. ఇక మనలాంటి గృహిణులు మనసుపడి చేసే పనులు వేరే వున్నాయి. బడిలో పిల్లలకు చదువు చెప్పటం, ఆసుపత్రిలో దిక్కులేని రోగికి తోడు కూర్చోవటం, పింఛను కాగితాలు నింపిపెట్టటం. ఏది చేసినా సిగ్నలు కేబినులో చేసినట్టు చెయ్యమని నా మనవి. ఎన్ని గంటలకు వస్తామన్నామో ఆ గంటకు వుండాలి. రాలేకపోతే ముందే కబురు చెయ్యాలి. మన స్థానంలో ఇంకొకరు వచ్చిందాకా వదిలి వెళ్ళకూడదు. చేసింది ఒక పుస్తకంలో రాసుకోవాలి, తప్పు చేస్తే అదీ రాసుకోవాలి. చెయ్యలేని పనికి మొహమాటానికి పోయి ఒప్పుకోకూడదు. లైను ఖాళీ లేనప్పుడు లేదని చెప్పటమే మర్యాద.

ఇంకొక మాట. మీ ఇళ్ళల్లో ఆ చిన్న లైను మీద పనిచేసిన పెద్దవాళ్ళు వుంటే, తీరిక చేసుకుని అడగండి. బంతుల సంగతి, గంటల సంగతి, రాత్రి దీపాల సంగతి రాసిపెట్టండి. వాళ్ళ ఇల్లాళ్ళను కూడా అడగటం మరిచిపోవద్దు. రైల్వే రిజిస్టరులో లేని గడి మన నోటు పుస్తకంలో మనం గీసుకోవచ్చు.

ఇంతకీ ఆ పిల్ల దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు ఇంటరు చదువుతున్నది. తప్పు ఒప్పుకున్నాను. మళ్ళీ చదవనా అని అడిగాను. చప్పున సరేననలేదు. కాసేపు ఆలోచించి, "ఈసారి రాలేనప్పుడు ముందుగా చెబుతారా పిన్నిగారూ?" అన్నది. చెబుతానన్నాను. ఇంటరు పాఠాలు నాకు సగం అర్థం కావు, ఆ పిల్లకు అవుతాయి, అది చాలు. గోడకు కాలెండరు వేలాడదీసి, వెళ్ళిన ప్రతి శనివారానికీ టైముతో సహా గుర్తు పెట్టుకుంటున్నాను. ఇరవైమూడు శనివారాలయ్యాయి. మధ్యలో రెండు వెళ్ళలేకపోయాను, రెండుసార్లూ ముందురోజే చెప్పాను.

ఇప్పుడు రాత్రిపూట మా ఇంట్లో తలుపు గడియ వేసేముందు మామయ్యగారు మంచం మీద నుంచే అడుగుతారు, "చివరి పెట్టె వచ్చిందా అమ్మాయ్?" అని. నేను వీధిలోకి వెళ్ళి, మా అబ్బాయి స్కూటరు అరుగు పక్కన వుందో లేదో కళ్ళారా చూసి వచ్చి, అప్పుడు జవాబు చెబుతాను.